మాట – బాధ్యత

కోలారు జిల్లా పలు భాషలకు, పలు మతాలకు కూడలి. ముళబాగిలులో శ్రీపాదరాజ మఠం ఉంది, బాబా హైదర్ వలీ దర్గా ఉంది. హైదర్ అలీ పుట్టిన బూదికోట ఈ జిల్లాలోనిదే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో ఉర్దూ, తమిళం వినిపించడం మనకు కొత్త కాదు.

1880లో జాన్ టేలర్ కంపెనీ బంగారు గనుల పని చేపట్టింది. ఆ తరువాత చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుండి వేలాది కార్మికులు ఇక్కడికి వలస వచ్చారు. వారిలో దళితులే ఎక్కువ. నేల అడుగున అందరిదీ ఒకే ప్రమాదం. బండ పగిలి మీద పడినప్పుడు అది ఎవరి కులం, మతం అడగలేదు. కాని నేల మీద తేడాలు ఉండేవి. ఐరోపా అధికారులకు బంగళాలు, క్లబ్బు. కార్మికులకు తట్టి ఇళ్ల వరుసలు. మనిషి రంగును, కులాన్ని, భాషను ఎత్తిచూపి తక్కువ చేసి మాట్లాడడం నేడు పుట్టిన దుర్గుణం కాదు.

అయితే ఒక భేదం ఉంది. వీధి కొళాయి దగ్గర అన్న మాట పదిమందికి వినిపించేది. అన్నవాడు మరునాడు ఎదురుపడి తప్పయిందని చెప్పుకొనే వీలుండేది. నేడు చేతిలోని ఫోనులో రాసిన మాట గంటలో వేలమందికి చేరుతుంది. రాసినవాడు తుడిచివేసినా ఇతరుల ఫోనులలో అది నిలిచే ఉంటుంది. ఇటువంటి మాట వల్ల కీడు జరిగితే బాధ్యులు ఎవరు? రాసినవాడా? పంపినవాడా? చదివి కోపంతో చెయ్యి చేసుకొన్నవాడా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి మనం దూరం పోనక్కరలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత కె.జి.ఎఫ్. నుండి ఎందరో పని కోసం రైలెక్కి బెంగళూరుకు పోయి వస్తున్నారు. ఆ బెంగళూరులోనే 2020 ఆగస్టు 11న ఒక దుర్ఘటన జరిగింది. పులకేశినగర శాసనసభ్యుని బంధువు ఒకడు ఇస్లాం ప్రవక్తను కించపరుస్తూ ఫేస్‌బుక్‌లో ఒక రాత పెట్టాడని ఆరోపణ వచ్చింది. కోపించిన జనం గుమికూడారు. శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టారు. డి.జె. హళ్లి, కె.జి. హళ్లి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు, వాహనాలను తగలబెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. రాత పెట్టాడన్న యువకుణ్ణి, దాడి చేశారన్నవారిని కూడా పోలీసులు నిర్బంధించారు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఆ రాత శాసనసభ్యుడు పెట్టినది కాదు, అయినా ఆయన ఇల్లు కాలింది. ఒకరి తప్పుకు ఇంకొకరు శిక్ష అనుభవించారు. అదే రాత్రి కొందరు ముస్లిం యువకులు ఆ ప్రాంతంలోని ఆంజనేయస్వామి గుడి చుట్టూ చేయి చేయి కలిపి నిలబడి, దానికి హాని కలగకుండా కాపాడారు. తమ మనసు నొచ్చలేదని వారు అలా చేయలేదు. ఒకని మాటకు గుడి గాని, వీధి గాని, జాతి గాని జవాబుదారీ కాదని వారు గ్రహించారు.

జాతిని బట్టి చేసే ఎగతాళి కూడా ఇటువంటిదే. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన విద్యార్థి నీడో తానియాను అతని జుట్టు గురించి కొందరు హేళన చేశారు. గొడవ పెరిగింది. దెబ్బలు తిన్న ఆ యువకుడు మరణించాడు. నవ్వులాటగా అన్న మాట ప్రాణం మీదికి వచ్చింది.

చట్టం ఏమంటుంది? మన రాజ్యాంగం 19వ అధికరణంలో వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చింది. శాంతి భద్రతలు మొదలైన వాటి కోసం దానికి తగిన హద్దులు విధించే అధికారాన్నీ అదే అధికరణం ఇచ్చింది. మత భావాలను గాయపరచడాన్ని గురించిన 295-ఎ సెక్షన్ 1927లో భారత శిక్షాస్మృతిలో చేరింది. 2024 జులై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్ అమలులో ఉంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో ఒక వర్గంవారి మతాన్ని అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మతం, జాతి, పుట్టిన చోటు, భాష, కులం పేరిట ప్రజల మధ్య వైరం పెంచడం 196వ సెక్షన్ ప్రకారం నేరం. ఈ రెండు సెక్షన్లూ నోటి మాటకే కాక ఫోను, కంప్యూటర్ల ద్వారా పంపే మాటకు కూడా వర్తిస్తాయి. షెడ్యూల్డు కులాలవారిని, తెగలవారిని బహిరంగంగా అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం.

అలాగని నచ్చని మాట ప్రతిదీ నేరం కాదు. దురుద్దేశం లేని మాటకు 295-ఎ వర్తించదని సుప్రీం కోర్టు 1957లోనే స్పష్టం చేసింది. ఇతరులకు చికాకు కలిగించే రాతలను కూడా నేరంగా చూసిన 66-ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న అదే కోర్టు కొట్టివేసింది. ప్రశ్నించడం, విమర్శించడం, చర్చించడం మన హక్కులు. ఆచారాన్ని ప్రశ్నించడం వేరు, ఆచరించేవారిని పశువులతో పోల్చడం వేరు.

“నేను రాయలేదు, వచ్చినదాన్ని పంపానంతే” అని కొందరు అంటారు. ఈ మాట చెల్లదు. ఒక సందేశాన్ని ఇతరులకు పంపడమంటే దానిని ఒప్పుకొన్నట్లేనని మద్రాసు హైకోర్టు 2018లో ఒక కేసులో అభిప్రాయపడింది. “నేను చిన్నవాణ్ణి” అన్నా చెల్లదు. పద్దెనిమిదేళ్ల లోపువారి విషయాన్ని బాల న్యాయ మండలి విచారిస్తుంది. విచారణ పద్ధతి మారుతుంది గాని తప్పు ఒప్పు కాదు.

చట్టం చేరలేని చోట కూడా నీతి ఉంటుంది. కోర్టుకు ఎక్కని మాట కూడా పక్క బల్లమీది స్నేహితుణ్ణి బడి మాన్పించవచ్చు. కనుక రాయబోయే ముందు ఆ మాటను ఆ మనిషి ఎదుట నిలబడి, అతని తల్లి వినగా అనగలనా అని ప్రశ్నించుకోవాలి. అనలేని మాటను రాయకూడదు. అటువంటి రాత మనకు వస్తే మరొకరికి పంపకూడదు. “చూశారా, ఎంత అన్యాయం!” అంటూ పదిమందికి చూపినా అది వ్యాపించినట్లే. దానిని భద్రపరచి ఉపాధ్యాయులకో, పెద్దలకో, పోలీసులకో తెలపాలి. తీర్పు చెప్పే పని న్యాయస్థానానిది, వీధిలోని గుంపుది కాదు.

రాసినవాడు రాతకు, పంపినవాడు పంపినందుకు, నిప్పు పెట్టినవాడు నిప్పుకు జవాబు చెప్పాలి. ఎవరి బాధ్యత వారిదే. ఇంకొకరి తప్పును చూపి మన తప్పును దాచుకోలేము.

అభ్యాసం

1. వీధి కొళాయి దగ్గర అన్న మాటకు, ఫోనులో రాసిన మాటకు గల భేదమేమి?
2. గుడి చుట్టూ నిలిచిన యువకులు ఏ విషయాన్ని గ్రహించారు?
3. విమర్శకు, అవమానానికి గల తేడాను మీ సొంత ఉదాహరణతో వివరించండి.
4. “వచ్చినదాన్ని పంపానంతే” అనే వాదన ఎందుకు చెల్లదు?
5. మీ ఊరిలో వేర్వేరు మతాలవారు కలిసి జరుపుకొనే పండుగ లేదా జాతర గురించి పది వాక్యాలు రాయండి.