ఎక్కనివ్వని కొండకు వెళ్దాం

బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ట్రెక్కింగ్ కబుర్లు మొదలవుతాయి. అందరి నోటా ముందుగా వచ్చే పేరు కుద్రేముఖ్. 1,894 మీటర్ల శిఖరం, రానూపోనూ దాదాపు ఇరవై కిలోమీటర్ల నడక. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు అది విహారం కాదు, శిక్ష. పైగా ఎండాకాలంలో అక్కడి గడ్డి ఎండి గలగలలాడుతుంటుంది. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు, కొండ కొండంతా అంటుకోడానికి. అందుకే ఆ నెలల్లో అటవీశాఖ ఆ దారుల్ని తరచూ మూసేస్తుంది. ఎవరినో పట్టుకుని దొడ్డిదారిన వెళ్దామనుకునే నాన్నలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ ప్రయాణంలో పిల్లలు మొదట నేర్చుకునేది అదే.

ఏప్రిల్, మే నెలల్లో కుటుంబమంతా కలిసి కొండల్లో నడవాలంటే నేను చెప్పేది మున్నార్ పక్కనున్న ఎరవికులం. 1978లో జాతీయ ఉద్యానవనమైన చోటు, విస్తీర్ణం 97 చదరపు కిలోమీటర్లు. నీలగిరి తార్ అనే కొండమేకలకు పెద్ద ఆటపట్టు. అవి ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాధారణంగా సందర్శకులను రానివ్వరు. మన పిల్లల పరీక్షలు అయ్యేసరికి గేట్లు తెరుస్తారు, పుట్టిన కూనలు తల్లుల వెంట గెంతుతూ కనబడతాయి. సొంత కార్లు లోపలికి పోనివ్వరు. అటవీశాఖ బస్సులోనే రాజమలై దాకా వెళ్ళి, అక్కడి నుంచి మలుపులు తిరిగే చక్కటి దారిలో నడవాలి. ఎదురుగా దక్షిణ భారతంలోకెల్లా ఎత్తయిన ఆనముడి, 2,695 మీటర్లు. దాన్ని చూడ్డమే తప్ప మామూలు సందర్శకులను ఎక్కనివ్వరు.

పిల్లలతో వెళ్ళేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని నా అభిప్రాయం. శిఖరం మీద ఫొటో దిగాలన్న ఆశ నిజానికి పిల్లలది కాదు, మనది. చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందు నడిచే నాన్న, వెనకాల కళ్ళనీళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చే కూతురు ఏ కొండ దారిలోనైనా కనిపించే జంటే. చేరాల్సిన చోటే లేనప్పుడు వెనకబడడం అనే మాటే ఉండదు. రాతి పగులులో చీమల బారు దగ్గర పిల్ల పావుగంట కూర్చుందనుకోండి, కూర్చోనివ్వండి. "చూడు, అన్నయ్య ఎంత చకచకా నడుస్తున్నాడో!" అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. "ఇంకెంత దూరం నాన్నా?" అంటే "ఇదిగో, వచ్చేసింది" అని అబద్ధమూ ఆడకండి. రెండోసారికి మీ మాట నమ్మరు. "ఆ మలుపు దాటాక మరో రెండు మలుపులు, మధ్యలో ఒకచోట కూర్చుని చక్కిలాలు తిందాం" అంటే సర్దుకుంటారు.

ఏప్రిల్లోనూ పారుతున్న వాగు కనిపిస్తే ఈ నీళ్ళు ఎక్కడివని వాళ్ళనే అడగండి. కొండవాలు గడ్డీ, లోయల్లో గుబురుగా పెరిగే షోలా అడవులూ వర్షాకాలం నీటిని స్పాంజిలా పట్టి ఉంచి మెల్లమెల్లగా వదులుతాయి. ఆ వాగుల్లో కొన్ని పడమరకు పారి పెరియార్లో కలుస్తాయి. కొన్ని తూర్పుకు తిరిగి పాంబార్ మీదుగా చివరికి కావేరి చేరతాయి. (మన కుళాయిలో వచ్చేది కావేరి నీరే అయినా, మనం ఎంతో ఎగువన తోడుకుంటాం కాబట్టి ఇది మన దాకా రాదు. ఆ తేడా పటంలో వాళ్ళనే వెతకనివ్వండి.) నీలకురింజి సంగతీ చెప్పండి. పన్నెండేళ్ళకోసారి కొండంతా పూసే ఆ పువ్వు 2018లో పూసింది, మళ్ళీ 2030లో పూయాలి. అప్పటికి తమకెన్నేళ్ళొస్తాయో పిల్లలు వెంటనే లెక్క కడతారు.

సన్నాహం నెల ముందే మొదలుపెట్టండి. లిఫ్టు మాని మెట్లెక్కడం, ఆదివారం పొద్దున్నే తురహళ్ళి అడవిలోనో నంది కొండ మెట్ల దారిలోనో నడవడం చాలు. కొత్త బూట్లు ప్రయాణం రోజున కాదు, ఈ నడకల్లోనే తొడగాలి. రోడ్డున సేలం, ఉడుమలపేట, చిన్నార్ మీదుగా వెళ్తే ఘాట్ మలుపుల్లో వాంతులు తప్పవు. ముందు సీటు పిల్లలకివ్వండి, ఫోను చేతికివ్వకండి. చీకటి పడేలోపే చిన్నార్ అడవి దాటండి. దారిలో మరయూరు బెల్లం కొనుక్కుంటే కొండ మీద బిస్కట్ల అవసరం ఉండదు.

వాతావరణాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రాజమలై మన ఊరికంటే ఇంచుమించు వెయ్యి మీటర్లు ఎత్తు, ఆరు డిగ్రీల దాకా చల్లన. చల్లగా ఉందని టోపీ తీసేస్తే సాయంత్రానికి ముక్కూ చెవులూ కమిలిపోతాయి. ఈ నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుముల వానలు పడతాయి. గడ్డి మైదానంలో మనిషే అన్నిటికంటే ఎత్తు, కాబట్టి ఉరుము వినబడితే ఫొటోలు ఆపి కిందికి దిగాల్సిందే. టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకుని పొద్దున్నే మొదటి బస్సులు పట్టుకుంటే అటు రద్దీ, ఇటు వాన రెండూ తప్పుతాయి. తార్లు మనుషులకు అలవాటుపడి చేయి చాపినంత దూరానికి వచ్చేస్తాయి. అమ్మమ్మ కట్టిచ్చిన పులిహోర వాటికి పెట్టకూడదని పిల్లలకే కాదు, అమ్మమ్మకూ ముందే చెప్పండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఆగినచోటే ఆగొచ్చు. తిరిగొచ్చేదీ ఆ దారినే.

కుద్రేముఖ్ మీదే మనసుంటే పిల్లలకు పన్నెండేళ్ళు దాటనివ్వండి. వానలు తగ్గి గడ్డి పచ్చగా ఉండే అక్టోబరు, నవంబరు చూసుకోండి. రోజుకు ఇంతమందినే అనుమతిస్తారు, కాబట్టి అటవీశాఖ పర్మిట్ దొరికాకే సెలవు పెట్టండి. వెనుదిరిగే సమయం ఇంటి దగ్గరే అనుకుని, అది కనిపెట్టి చెప్పే పని పిల్లలకే అప్పగించండి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే, వాళ్ళు "టైమైంది" అంటే వెనక్కి తిరగండి.