ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు? దాతల కోసం ఒక పరిశీలన

విరాళం కోసం గడప తొక్కిన ప్రతిసారీ మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "కాలేజీ ఫీజులు ప్రభుత్వమే కడుతోంది కదా, మళ్లీ మన సొసైటీ ఎందుకు కట్టాలి?" అడిగేవారిలో దురుద్దేశం ఏమీ లేదు. తమ డబ్బు సరైన చోటికి వెళ్లాలనే వాళ్లు అడుగుతారు. అందుకే ఈ ఏడు సావనీర్‌లో దానికి వివరంగా జవాబు రాస్తున్నాం.

ముందు మేలును మేలుగా ఒప్పుకోవాలి. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవారిలో ముస్లింలు పాతిక మందికి ఒక్కరేనని, పీజీలో యాభై మందికి ఒక్కరేనని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆ మరుసటి ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. ఆ రోజుల్లోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా మొదలైంది. మెకానిక్ కొడుకు, బీడీలు చుట్టే తల్లి కూతురు ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటారంటే ఈ రెండింటి వల్లే. వాటిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

కానీ సీటు వచ్చినంత మాత్రాన చదువు పూర్తయినట్టు కాదు. తెలంగాణలో ర్యాంకు పదివేలు దాటిన బీసీ విద్యార్థికి ఇంజనీరింగ్ రీయింబర్స్‌మెంట్ ఏళ్ల తరబడి 35,000 రూపాయల దగ్గరే ఉండిపోయింది. కాలేజీల ఫీజులు మాత్రం అక్కడ ఆగలేదు. లెక్క కోసం ఒక కాలేజీ ఫీజు 80,000 అనుకుందాం. 45,000 ఇంటివారే కట్టాలి. బస్సుకు 20,000, పరీక్ష ఫీజులు, రికార్డులు, పుస్తకాలకు 10,000 వేసుకోండి. ల్యాప్‌టాప్ మాట ఎత్తకుండానే ఏడాదికి 75,000 అయింది. నెలకు పదిహేను వేలు తెచ్చే ఇంట్లో ఇది అయిదు నెలల సంపాదన. ఆ అయిదు నెలలు ఇంట్లో పొయ్యి వెలగకూడదన్నమాట!

ఇక అసలు చిక్కు వేళకు సంబంధించింది. ప్రభుత్వం డబ్బు మంజూరు చేసినా అది కాలేజీకి చేరేసరికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి ఆందోళనకు దిగిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఈ మధ్యలో నలిగేది విద్యార్థి. ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం అంటారు. లేదంటే హాల్‌టికెట్ దగ్గర, చివరికి మెమోలు, టీసీ దగ్గర ఆపుతారు. ఉద్యోగం చేతికొచ్చి, సర్టిఫికెట్లు చూపలేక దాన్ని వదులుకున్న పిల్లలు మాకు తెలుసు. అడ్మిషన్ వేళ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలే తప్ప దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలుసు?

కొందరికి ఆ సాయం కూడా అందదు. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవారికి రీయింబర్స్‌మెంట్ రాదు. ఏజెంటు మాట నమ్మి చేరాక ఈ విషయం తెలుస్తుంది. పేర్ల గొడవ మనవాళ్లకు ప్రత్యేకం. టెన్త్ మెమోలో షేక్ ముందు, ఆధార్‌లో వెనక. ఒకచోట మొహమ్మద్, ఇంకోచోట ఎండీ అని పొడి అక్షరాలు. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆదాయ పత్రం సకాలంలో తీయకపోయినా అంతే. నిజం చెప్పాలంటే ఈ చిక్కులకు డబ్బు అక్కర్లేదు. జూన్, జూలై నెలల్లో సాయంత్రం రెండు గంటలు మా ఆఫీసులో కూర్చుని ఫారాలు నింపిపెట్టే మనిషి కావాలి. రిటైరైన ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఇది కూడా విరాళంగానే భావించాలి.

కేంద్రం వైపు చూస్తే దారులు కొన్ని మూసుకుపోయాయి. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో పార్లమెంటులో ప్రకటించారు. విదేశీ చదువుల రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పరదేశ్ కూడా అప్పుడే ఆగింది. బ్యాంకు విద్యా రుణం మిగిలింది. నాలుగు లక్షల వరకు సొంత వాటా గానీ తనఖా గానీ అడగరు. అయితే వడ్డీ ఉంది కాబట్టి మన ఇళ్లలో చాలామంది వద్దంటారు. ఆ భయాన్ని మేము గౌరవిస్తాం. బాధేమిటంటే, బ్యాంకుకు వద్దన్న ఇల్లే సెమిస్టర్ ఫీజు గడువు రాగానే అమ్మీ మెడలోని గొలుసు తాకట్టు పెట్టి అంతకంటే ఎక్కువ వడ్డీ కడుతోంది. ఆ గొలుసు ఇంటికి తిరిగి రావడం అరుదు. ఖర్జె హసన అందుబాటులో లేనిచోట వడ్డీ వద్దని చెప్పడం ఒక్కటే సరిపోదు.

జకాత్ సొమ్ము చదువుకు వాడవచ్చా? దివ్య ఖుర్‌ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు ఎనిమిది పద్దులు చెప్పింది. నిరుపేదలు, అక్కరలో ఉన్నవారు, అప్పుల్లో మునిగినవారు వాటిలో ఉన్నారు. పేద విద్యార్థి ఆ పేదరికం వల్లే హక్కుదారు అవుతాడు. హనఫీ ఉలమాలు ఒక షరతు చెబుతారు: ఆ సొమ్ముకు హక్కుదారును యజమానిని చేయాలి. అందుకని మేము విద్యార్థికే అందజేసి, అతడి చేత కాలేజీలో కట్టిస్తాం, లేదా తన తరఫున కట్టమని రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాం. భవనానికి, కంప్యూటర్ ల్యాబుకు జకాత్ వాడం. వాటికి సదఖా, సాధారణ విరాళాలే. ఒకమాట: సొంత పిల్లలకు, మనవలకు జకాత్ చెల్లదు గాని, పేదలైన అన్నదమ్ముల పిల్లలకు, అక్కచెల్లెళ్ల పిల్లలకు ఇవ్వవచ్చు. ముందు అక్కడ చూసి, ఆ తర్వాతే మా దగ్గరికి రండి.

క్యాలెండర్ సంగతి చాలామంది గమనించరు. 2015లో రంజాన్ జూన్, జూలైలలో వచ్చింది. సరిగ్గా అడ్మిషన్ల వేళ. దాతలిచ్చినది ఇచ్చినట్టే ఫీజుకు వెళ్లేది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో అది ఫిబ్రవరి, మార్చిలకు వచ్చేసింది. రంజాన్‌లో వచ్చిన సొమ్ము రేషన్‌కు, వైద్యానికి, పెళ్లిళ్లకు పోయాక, ఆగస్టులో కౌన్సెలింగ్ ముగిసి పిల్లలు వచ్చేసరికి పెట్టె ఖాళీ. (2030లో రంజాన్ రెండుసార్లు వస్తుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి. రెండూ ఫీజులకు దూరమే!) ఏడాది నిండకముందే జకాత్‌ను ముందస్తుగా చెల్లించడాన్ని చాలామంది ఫఖీహ్‌లు అనుమతించారు. వచ్చే రంజాన్‌లో ఇవ్వాల్సిన దానిలో కొంత ఈ ఆగస్టులోనే ఇవ్వవచ్చు. మీ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి.

ఎలా పంచాలన్న దానిపై మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఇరవై మందికి తలా అయిదువేలు ఇస్తే ఫొటో బాగుంటుంది గాని, 45,000 లోటున్న పిల్లకు మిగతా నలభై వేలు ఎక్కడివి? ఒక్కరినైనా నాలుగేళ్లు చివరిదాకా మోయడం మేలని మేము అంటాం. అది కుదరనివారు ఆఖరి ఏడాది విద్యార్థుల బకాయి తీర్చండి. మూడేళ్ల శ్రమ అక్కడ ముప్పై, నలభై వేల దగ్గర ఇరుక్కుని ఉంటుంది. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. డబ్బు చాలని ఏడాది ఇంట్లో ఇద్దరిలో ఎవరో ఒకరిని మాన్పించాల్సి వస్తే మాన్పించేది ఎవరినో మనకు తెలియనిది కాదు. ఇక వేదిక మీదికి పిలిచి చెక్కు ఇచ్చే పద్ధతి మాకు ఇష్టం లేదు. తోటి పిల్లల ముందు తలవంచుకునేలా ఇచ్చే సాయం వద్దని వెళ్లిపోయే ఆత్మాభిమానులూ ఉంటారు.

జకాత్ అర్హత లేని, అలాగని ఫీజు కట్టే స్తోమతా లేని కుటుంబాలకు ఖర్జె హసన ఖాతా వేరుగా నడుపుతున్నాం. రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా కాలేజీకి కట్టి, వచ్చాక తిరిగి తీసుకుంటాం. ఈ ఖాతాకు మీరు డబ్బు దానం చేయనక్కర్లేదు. ఏడాది, రెండేళ్లకు వాడుకోనిచ్చి తిరిగి తీసుకోవచ్చు. జూలై పదిహేనులోగా తెలియజేస్తే కౌన్సెలింగ్ జాబితాలు రాగానే ఎవరికెంత అన్నది తేల్చగలం.