అమ్మ బడికి వచ్చింది

మీకు ముగ్గు వేయడం వచ్చా? కొబ్బరాకుతో బూర చేయడం వచ్చా? లేసు అల్లడం వచ్చా?

"అదేం చదువండీ? అందరికీ వచ్చేదే కదా!" అంటారు మీరు.

ఈ పాఠం ఆ మాట గురించే.

బడిలో ఒక గంట

ఒక ఊరు అనుకుందాం. అమలాపురం దగ్గరో, రాజోలు దగ్గరో, కొత్తపేట దగ్గరో. మీ ఊరే అనుకోండి. ఆ ఊళ్ళో ఒక అమ్మ ఉంది. పగలు కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. రాత్రి చదువు కేంద్రానికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. ఆమె కూతురు నాలుగో తరగతి.

ఒక రోజు పాప బడి నుంచి వచ్చి చెప్పింది.

"అమ్మా, టీచరుగారు నిన్ను శనివారం రమ్మన్నారు. మాకు ముగ్గు నేర్పాలంట."

అమ్మ గుండె దడదడలాడింది. "నేనా? బడిలోనా? నాకేం వచ్చే?"

అత్తగారు అరుగు మీద నుంచి అంది. "రోజూ వాకిట్లో ముగ్గేసేది ఎవరే? వెళ్ళవే అమ్మాయీ."

శనివారం అమ్మ బడికి వెళ్ళింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రండమ్మా, లోపలికి రండి" అన్నారు టీచరుగారు.

"ఆయ్, వత్తన్నానండీ."

అమ్మ సుద్దముక్క తీసుకుంది. గచ్చు మీద చుక్కలు పెట్టింది. మొదటి వరుసలో 1 చుక్క. తర్వాత 3. తర్వాత 5. మధ్యలో 7. మళ్ళీ 5, 3, 1.

"మొత్తం ఎన్ని చుక్కలు?" అని అడిగింది. పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "25!" అని అరిచారు.

"1, 3, 5, 7. వీటిని బేసి సంఖ్యలు అంటారు. నిన్న మనం చదివిన పాఠం ఇదే" అన్నారు టీచరుగారు. అమ్మ ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళూ తాను రోజూ వాకిట్లో లెక్కలు చేస్తోందన్నమాట!

ఒక పిల్లాడు వెనక నిలబడి నవ్వాడు. "ముగ్గు ఆడపిల్లల పని కదండీ."

"చుక్కలు లెక్కపెట్టడానికి ఆడేంటి, మగేంటి బాబూ? రా, ఈ వరుస నువ్వే కలుపు" అంది అమ్మ. వాడు వచ్చి కూర్చున్నాడు. గీత ఒక చుక్క తప్పి పోయింది. అమ్మ తుడిచి, వాడి చేయి పట్టుకుని మళ్ళీ కలిపించింది.

చివర టీచరుగారు అన్నారు. "ఈ రోజు పాఠం పేరు బోర్డు మీద మీరే రాయండమ్మా."

అమ్మ చేయి వణికింది. మెల్లగా రాసింది. ముగు.

ముందు వరుసలోని పాప లేచింది. "గ కింద గ వత్తు ఉండాలండీ."

గదిలో అందరూ ఊరుకున్నారు. అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వింది. తుడిచి మళ్ళీ రాసింది. ముగ్గు. దాని కింద తన పేరు కూడా రాసింది.

పిల్లాడి గీత తప్పితే అమ్మ దిద్దింది. అమ్మ అక్షరం తప్పితే పాప దిద్దింది. ఇందులో ఎవరికీ సిగ్గు లేదు.

లెక్కలోకి రాని పని

"నాకేం వచ్చు?" అన్న మాట మనలోకి ఎక్కడ నుంచి వచ్చింది?

నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు ఎందరో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ పని ఇక్కడ నేర్పారు. మన ఆడవాళ్ళు అల్లిన లేసు దేశదేశాలకు వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు వచ్చి ఈ అల్లేవాళ్ళతో మాట్లాడారు. 1982లో వాళ్ళ గురించి పుస్తకం అచ్చువేశారు. అందులో ఆమె ఏం చూపించారు? ఈ ఆడవాళ్ళు రోజూ గంటల తరబడి అల్లుతారు. అయినా లోకం వాళ్ళను పనివాళ్ళు అనదు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు అంటుంది. అందుకే వాళ్ళకు దక్కే కూలి కూడా తక్కువ.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేసుకు గుర్తింపు వచ్చింది. అల్లిన చేతికి కూడా రావాలి కదా! మన పని బడిలో పాఠం అయితే, పిల్లలు ఆ చేతిని గౌరవించడం నేర్చుకుంటారు.

ఏమేం నేర్పవచ్చు?

కొబ్బరాకు బూర: ఆకు నుంచి ఈనె తీసేయండి. సన్న కొస దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా చుట్టండి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. బూర వెడల్పు అవుతూ వస్తుంది. చివర ఈనె ముక్క గుచ్చండి. సన్న కొసను కొంచెం నొక్కి ఊదమనండి.

రంగులు: పసుపు నీళ్ళలో కొంచెం సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. మన పారాణి అదే. ఎందుకు మారిందో టీచరుగారు సైన్సు పాఠంలో చెబుతారు. సున్నం మాత్రం మీరే కలపండి. పిల్లల కళ్ళలో పడితే ప్రమాదం.

చిన్న ప్రభ: కనుమ నాడు జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 11 ప్రభలు వస్తాయి. వెదురు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, భుజాల మీద మోసుకుంటూ చేలలోంచి తెస్తారు. 2023 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఈ ప్రభల తీర్థాన్నే చూపించారు. ఈనెలతో, రంగు కాగితాలతో పిల్లలు అరచేతి ప్రభ కట్టవచ్చు.

మెచ్చుకోలు

పిల్లల బొమ్మను "బాగాలేదు" అనకండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే గొప్ప చిత్రకారుడు ఉండేవారు. 1897లో పుట్టారు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన బొమ్మలు చూశారు. మెచ్చుకుని బొంబాయి చిత్రకళా పాఠశాలకు వెళ్ళేలా చేశారు. రామారావు 1925లో చిన్న వయసులోనే చనిపోయారు. ఆయన బొమ్మలు రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. బొమ్మను శ్రద్ధగా చూసే పెద్దవాళ్ళు ఒక్కరుంటే చాలు. పిల్లల దారి మారవచ్చు.

బడికి వెళ్ళే ముందు

1. హెడ్మాస్టరుగారిని ముందే అడగండి. రోజు, గంట చెప్పించుకోండి.

2. పిల్లలు ఎంతమందో తెలుసుకోండి. అందరికీ సరిపడా ఆకులు, సుద్దముక్కలు తీసుకెళ్ళండి.

3. కత్తి మీ చేతిలోనే ఉంచుకోండి.

4. మగపిల్లలకు, ఆడపిల్లలకు అన్నీ నేర్పండి.

5. పిల్లలు చేసేది నేర్చుకోవడానికే. అమ్మకానికి వాళ్ళ చేత పని చేయించకూడదు.

మనకు చోటుంది

2009 విద్యాహక్కు చట్టం సర్కారు బడికి కమిటీ ఉండాలంది. ఆ కమిటీలో ప్రతి నలుగురిలో కనీసం ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో మాట చెప్పింది. 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలి. ఊళ్ళోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుల దగ్గర పని నేర్చుకోవాలి.

బడి టీచరుది మాత్రమే కాదు. మనది కూడా. వారానికి ఒక్క గంట ఇవ్వగలమా?

మాట్లాడుకోండి

మీకు వచ్చిన చేతిపని ఏది? అది మీకు ఎవరు నేర్పారు?

ఆ పనిలో లెక్క ఎక్కడ ఉంది?

రాయండి

కింది వాక్యం పూర్తి చేయండి. చదివి మీ పిల్లలకు వినిపించండి.

నా పేరు ............ . నాకు ............ వచ్చు. మీ బడికి వచ్చి నేర్పుతాను.