కాలువ వెంట నడచి చూడుము

రాజమహేంద్రవరము.

చిరంజీవియగు మేనల్లునికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

రావులపాలెములో నీవు పెట్టుకొన్న షెడ్డునకు ఒక అరటిగెలల వర్తకుడు తన పాత టూ-స్ట్రోక్ మోపెడ్డును తెచ్చెననియు, అది మైలు దూరము నడచి ఆగుచున్నదనియు, కొంతసేపు నిలిపిన పిమ్మట మరల నడచుచున్నదనియు, కార్బరేటరును మూడుమారులు విప్పి కడిగినను గుణము కనబడలేదనియు, ఇక క్రొత్తది వేయింపుమని అతనికి చెప్పబోవుచున్నాననియు వ్రాసిన నీ జాబు అందినది. అప్పుడే చెప్పకుము. ఆ తప్పు కార్బరేటరుది కాదేమోయని నాకు తోచుచున్నది.

1972లో పూనా నుండి లూనాయు, 1980లో హోసూరు నుండి ఇద్దఱు కూర్చుండగల టీవీయస్-50యు వచ్చిన తరువాత, మన సీమలో సైకిలుపై బ్రతుకు నెట్టుకొనివచ్చిన వారెందఱో మోపెడ్డునకు మారిరి. అంబాజీపేట కొబ్బరికాయలు, కడియపులంక పూలమొక్కలు, సముద్రపుటొడ్డు పల్లెల చేపలు ఆ చిన్నబండ్లమీదనే ఊరూరు తిరుగుచున్నవి. అట్టి బండి ఒక పూట ఆగినచో చేప చెడును, పాలు విఱుగును, ఆ యింట ఆనాటి సంపాదన పోవును. కావున ఈ జాబు పొడవైనను ఓపికతో చదువుము.

డెల్టాలో పుట్టిన నీకు కార్బరేటరును బోధించుటకు వేఱు గ్రంథమక్కఱలేదు. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట గోదావరి నీటిమట్టమును నిలుపుటవలననే కాలువలకు నీరు తనంత తాను ప్రవహించినది. కార్బరేటరు అడుగున నున్న గిన్నెయు అట్లే పెట్రోలును ఒక మట్టమున నిలుపును. అందలి ఫ్లోటు, లాకుల కడ తలుపు వేయు మనిషివలె, మట్టము పెరిగినపుడు సూదిని పైకెత్తి దారి మూయును, తగ్గినపుడు తెఱచును. పెద్దజెట్టు ప్రధానమైన కాలువ, చిన్నజెట్టు పంటబోదె. గాలి పోవు గొట్టము ఇఱుకైనచోట గాలి వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును గనుక ఆ గాలియే పెట్రోలును జెట్టు నుండి పైకి లాగి తుంపరచేసి ఇంజనులోనికి కొనిపోవును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి కలిసినగాని మంట సరిగా మండదు.

శివారు చేనికి నీరందలేదని రైతు మొఱపెట్టినపుడు, పని తెలిసిన కాలువ లస్కరు ఆ చేని తూమును పగులగొట్టడు. కాలువ తల నుండి గట్టు వెంబడి నడచివచ్చి, గుఱ్ఱపుడెక్క ఎచ్చట అడ్డుపడినదో చూచును. నీవును ట్యాంకు మూత నుండి బయలుదేఱుము. ఆ మూతలో గాలి లోనికి పోవుటకు సన్నని రంధ్రముండును. అది దుమ్ముతో పూడినచో పెట్రోలు దిగుకొలది ట్యాంకులో శూన్యమేర్పడి ధార నిలిచిపోవును. బండి ఆగిన తక్షణమే మూత తెఱచి చూడుము. గాలి లోనికి పీల్చుకొనిన చప్పుడై బండి వెంటనే కదలినచో రోగము దొరకినట్లే. కాదేని ట్యాపునుండి పైపు ఊడదీసి ఒక సీసాలోనికి ధారను పట్టుము. ఈ పని ఆరుబయట, బీడీగాని పొయ్యిగాని దరిదాపుల లేనిచోట మాత్రమే చేయుము. ధార సన్నగిలినచో ట్యాపు జాలీ పూడినదని గ్రహింపుము.

ఆ సీసాను కదపక కొంతసేపు ఉంచి చూడుము. పెట్రోలులో నీరు చేరియున్నచో, అది పెట్రోలు కంటె బరువైనది గనుక అడుగున గీతగీసినట్లు నిలుచును. 1986 ఆగస్టు వరదలో లంకలు మునిగిన పిమ్మట నాయొద్దకు వచ్చిన బండ్లలో హెచ్చుభాగమునకు ఇదియే వ్యాధి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను పీల్చుకొను గుణము కలది, మన గాలిలో తేమకు కొదువలేదు. కావున బండిని దినములకొలది నిలుపదలచినవారికి ట్యాపు మూసి, గిన్నెలోని పెట్రోలు తీఱువఱకు ఇంజనును నడపి నిలుపుమని చెప్పుము.

పెట్రోలు పొర్లి కారుచున్నచో నలుసు సూది క్రింద చిక్కియుండును, లేక ఫ్లోటునకు చిల్లుపడి యుండును. దానిని చెవియొద్ద ఆడించిన లోపలి పెట్రోలు చప్పుడే చెప్పును. జెట్ల విషయమున మాత్రము నా అనుభవమును దాచను. పని నేర్చుకొను దినములలో ఒక పాలవాని బండి చిన్నజెట్టును ఉక్కుతీగతో పొడిచితిని. ఇత్తడి మెత్తనిది, రంధ్రము వెండ్రుకవాసి పెరిగినది. బండి నడచినది, అతడు సంతోషించెను. కాని నాటినుండి అది పెట్రోలు ఎక్కువ త్రాగుచు ప్లగ్గును మసిచేయుచుండగా, కారణము నాకు తెలియుటకు నెల పట్టినది. ఆ నెల అతడు అధికముగా వెచ్చించిన సొమ్ము నేటికిని నా మనస్సును బాధించుచున్నది. జెట్టును పెట్రోలులో నానబెట్టి పంపుతో గాలి కొట్టుము, తీగ ముట్టకుము.

గాలి స్క్రూను కదపుటకు ముందు, మెల్లగా లోనికి త్రిప్పి ఎన్ని చుట్లున్నదో లెక్క వ్రాసికొనుము. ప్లగ్గు ఇటుకరంగున నుండవలెను. నల్లని మసి పెట్రోలు హెచ్చినదనియు, తెల్లదనము గాలి హెచ్చినదనియు తెలుపును. తెల్లని ప్లగ్గును ఉపేక్షింపకుము. ఈ బండ్లలో ఇంజనునకు నూనె పెట్రోలుతో కలిసియే పోవును గనుక, పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గి పిస్టను పట్టుకొనిపోవును. కార్బరేటరు ఇంజనునకు అతుకుచోట గ్యాస్కెట్టు చీలి దొంగగాలి దూఱుచున్నదేమో చూడుము. అచ్చట కొంచెము గ్రీజు పూసినపుడు ఇంజను ధ్వని మాఱినచో అదియే కారణము.

2020 ఏప్రిల్ నుండి బీయస్-6 నిబంధనల వలన వచ్చిన క్రొత్త మోపెడ్లలో కార్బరేటరునకు బదులు ఫ్యూయల్ ఇంజెక్షను ఉన్నది. ఈ విద్యతో వాటిని విప్పకుము. ఆ విద్యను వేఱుగా నేర్చుకొనుము.

రేపు ఉదయముననే ఆ వర్తకుని బండి ట్యాంకు మూతను చూచి, ఫలమెట్లున్నను నాకు వ్రాయుము. కడుగునపుడు నీవును తీగ వాడియున్నచో సంకోచింపక చెప్పి, జెట్టుపై చెక్కిన అంకెను తెలుపుము. నాయొద్ద పాత జెట్లు కొన్ని కలవు, అంకె కుదిరినచో బస్సులో పంపెదను.

ఇట్లు,
నీ మేలుకోరు మామయ్య