డెత్ సర్టిఫికెట్‌లో కొవిడ్ అని లేదా? అయినా రూ.50,000 సాయం అడిగే వీలుండేది

ఇంట్లో ఎవరైనా కొవిడ్‌తో చనిపోతే ఆ కుటుంబానికి రూ.50,000 ఇవ్వాలని 2021లో నిర్ణయించారు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి వచ్చే ఈ మొత్తానికి 2021 అక్టోబర్ 4న సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. తెల్ల రేషన్ కార్డే ఉండాలన్న షరతు లేదు. ఇది తీసుకుంటే పింఛన్ పోతుందని కొందరు భయపెట్టారు, అది నిజం కాదు. వేరే పథకాల కింద వచ్చేదానికి ఇది అదనం.

చాలామంది ఆగిపోయింది డెత్ సర్టిఫికెట్ దగ్గరే. "అందులో కొవిడ్ అని లేదు, ఇక మనకు రాదులే" అనుకున్నారు. అసలు మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే సర్టిఫికెట్‌లో చావుకు కారణం రాయనే రాయరు. చట్టం ప్రకారం రాయకూడదు కూడా. కారణం ఉండేది డాక్టర్ ఇచ్చే కాగితంలో. కొవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో సాయం ఆపొద్దని కోర్టు స్పష్టంగా చెప్పింది.

మరి దేన్ని చూసేవారు? పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు చనిపోయారా అన్నది చూసేవారు. ఉదాహరణకు మే 3న పాజిటివ్ వచ్చి, మే 29న ఇంట్లోనే ప్రాణం పోయినా అది కొవిడ్ మరణమే. హాస్పిటల్‌లో చేరి, డిశ్చార్జి కాకుండా 30 రోజులు దాటాక అక్కడే చనిపోయినా లెక్కలోకి వచ్చేది. 30 రోజుల్లోపు ఆత్మహత్య చేసుకున్నా కుటుంబానికి సాయం ఉండేది. రోడ్డు ప్రమాదం లాంటివి మాత్రం వచ్చేవి కావు.

తెలంగాణలో మీసేవ కేంద్రంలో దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. డెత్ సర్టిఫికెట్, పాజిటివ్ రిపోర్టు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు తీసుకెళ్లాల్సి ఉండేది. రిపోర్టు పోతే, ఫోన్‌కు వచ్చిన మెసేజ్ వెతుక్కోవాల్సి వచ్చేది. హాస్పిటల్ వాళ్లు కేస్ షీటు ఇవ్వకపోతే జిల్లా ఫిర్యాదుల కమిటీకి రాసిచ్చే వీలుండేది. వాళ్ల నుంచి కాగితాలు తెప్పించే అధికారం ఆ కమిటీకి ఉండేది. దరఖాస్తు తిరస్కరించినా వెళ్లాల్సింది అక్కడికే.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సి ఉండేది. అత్త ఒకటి, కోడలు ఒకటి దరఖాస్తు పెడితే ఇద్దరికీ తిప్పలే. కాగితాలు అన్నీ ఉంటే 30 రోజుల్లో తేల్చాల్సి ఉండేది. డబ్బు నేరుగా ఖాతాలోకి వచ్చేది. "నేను ఇప్పిస్తా, నాకింత ఇవ్వు" అనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. దొంగ రిపోర్టు పెట్టిస్తే జైలుకు వెళ్లేది మీరే, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

2022 మార్చి 20కి ముందు చనిపోయినవారి కుటుంబాలకు గడువు ఆ ఏడాది మార్చి 24 నుంచి 60 రోజులు ఉండేది, అంటే 2022 మే 23తో అది ముగిసింది. ఆ తర్వాతి మరణాలకు చనిపోయిన రోజు నుంచి 90 రోజుల గడువు ఇచ్చారు. గడువు దాటితే ఎందుకు రాలేకపోయారో కారణం రాసి ఫిర్యాదుల కమిటీకి ఇచ్చే వీలుండేది. కారణం సరైనదైతే తీసుకోవచ్చని కోర్టు చెప్పింది.