సందడి బడి

ఒకే గదిలో రెండు మూడు తరగతులు, వాటన్నింటికీ ఒకే ఉపాధ్యాయుడు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట మొదలుకొని చిత్తూరు కొండల వరకు తెలుగు పల్లెలకు ఈ దృశ్యం కొత్తది కాదు. ఉపాధ్యాయుడు మూడో తరగతికి తీసివేతలు చెబుతుంటే ఒకటో తరగతికి చేయవలసిన పని ఉండదు. పని లేని చేతులు పక్కవాని పలకను లాగుతాయి. బడిలో అల్లరి పుట్టేది చాలావరకు ఈ ఖాళీ సమయంలోనే.

దీనిని అణచడానికి పూర్వం బెత్తం ఉండేది. దానికి తోడు క్లాసు లీడరు ఉండేవాడు. మాట్లాడిన వారి పేర్లు నల్లబల్ల మీద రాసేవాడు. తోటివారిపై నిఘా వేయడం నేర్చిన పిల్లవాడు వారితో కలిసి పనిచేయడం ఎలా నేర్చుకోగలడు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నియమాలను సవరించి శారీరక దండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం పోయింది, దాని స్థానంలో ఏమి రావాలన్న ప్రశ్న మిగిలింది.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా తన ‘దివాస్వప్న’లో ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. అందులోని ఉపాధ్యాయుడు మొదటిరోజు పిల్లల చేత మౌనం పాటింపజేయబోయి నవ్వులపాలవుతాడు. మరునాడు కథ మొదలుపెడతాడు. తరగతి తనంతట తానే నిశ్శబ్దమవుతుంది. అయితే ఒక్కరే పలు తరగతులను నడిపే చోట రోజంతా కథ చెప్పడం సాధ్యం కాదు.

మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఈ చిక్కుకు మరొక దారి చూపింది. 1980లలో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు తెరిచిన ఈ కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన వంటి పటం ఉంటుంది. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో దానిలో చూసుకొని, తన కార్డును తానే తెచ్చుకుంటాడు. కార్డు మీది గుర్తును బట్టి అతడు కూర్చోవలసిన జట్టు తెలుస్తుంది. ఒక జట్టుకు ఉపాధ్యాయుని సహాయం పూర్తిగా ఉంటుంది, మరొక దానికి కొంతమేరకే. ఇంకొక జట్టులో తోటిపిల్లలే చెబుతారు. వేరొక చోట ఎవరి పని వారిది. జ్వరం వచ్చి వారం రోజులు రాని పిల్లవాడు తిరిగివచ్చి, ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. వెనుకబడ్డానన్న సిగ్గు లేదు. ఆ సిగ్గును కప్పిపుచ్చుకొనే అల్లరీ తగ్గుతుంది.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు ఈ బడులను చూసి వెళ్ళిన తరువాత కర్ణాటకలో ‘నలి కలి’ రూపుదిద్దుకొంది. చెన్నై నగరపాలక పాఠశాలలు 2003లో ఇదే దారి పట్టాయి.

ఇబ్బందులు లేకపోలేదు. కార్డులు చిరిగిపోతాయి, తారుమారవుతాయి. చురుకైన పిల్లవాడు జట్టు పనంతా తానే చేసి, మిగిలినవారిని చూసి రాసుకోనిస్తాడు. ఆ సంగతి పసిగట్టవలసింది ఉపాధ్యాయుడే. కనుక ఈ పద్ధతిలో ఆయనకు విశ్రాంతి దొరుకుతుందని అనుకోవడం పొరపాటు.

తెలుగులో అల్లరి వేరు, సందడి వేరు. ఇటువంటి గదికి మొదటిసారి వచ్చిన పర్యవేక్షకుడు ఆ సందడి విని, ఉపాధ్యాయుడు లేడేమోనని గుమ్మంలోనే నిలిచిపోతాడు. నల్లబల్ల దగ్గర ఎవరూ కనిపించరు. ఉపాధ్యాయుడు నలుగురు పిల్లల నడుమ నేల మీద కూర్చుని ఉంటాడు.