ఇంటి భోజనం లెక్క

పిల్లలారా! మన ట్రాయ్ నగరం ఉన్న మిచిగాన్ రాష్ట్రంలో రెస్టారెంటు భోజనంపై 6 శాతం అమ్మకపు పన్ను ఉంది. అంగడిలో కొనే బియ్యం, కందిపప్పు, కూరగాయలపై ఆ పన్ను లేదు.

ఒక లెక్క చేద్దాం. నలుగురి భోజనం ఖరీదు 60 డాలర్లు అనుకోండి. పన్ను 3 డాలర్ల 60 సెంట్లు. వడ్డించినవారికి 15 శాతం టిప్పు, అంటే 9 డాలర్లు. మొత్తం 72 డాలర్ల 60 సెంట్లు!

ఇంటి వంటకు ఖర్చు తక్కువే, కాని శ్రమ ఎక్కువ. ఆ శ్రమ అంతా అమ్మ ఒక్కరే పడితే అది న్యాయం కాదు. పప్పు కడగడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, కంచాలు పెట్టడం మీరూ చేయగలరు. ఈ శనివారమే మొదలుపెట్టండి.

అభ్యాసం: ఈ నెలలో మీ కుటుంబం ఎన్నిసార్లు బయట భోజనం చేసింది? వాటిలో రెండు పూటలు ఇంట్లో తింటే ఎంత మిగులుతుందో లెక్కించి రాయండి.